ముక్కు పట్టని గ్లాసు

నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు ఈ బల్ల కనిపిస్తోందా? కనిపించకపోతే ముందుకు వచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ రోజు వినేదాని కన్నా వాసన చూసేదే ఎక్కువ.

బల్ల మీద ఐదు గ్లాసులు పెట్టాను. ఐదూ ఐదు రకాలు. పక్కన సీసా మాత్రం ఒకటే. ఫినో షెర్రీ, స్పెయిన్ నుంచి వచ్చే ఒక రకం వైన్, ఇప్పుడే ఐసు నీళ్లలోంచి తీసింది. ఐదింట్లోనూ ఇదే పోస్తాను. మీరు వాసన చూసి ఐదూ ఒకటేనంటే, ప్రసంగం అక్కడితో ఆపేసి మిగిలిన సీసా మీకిచ్చి వెళ్లిపోతాను. (నవ్వులు)

మొదటి గ్లాసు చూడండి. అద్దాల బీరువాలో ముందు వరుసలో కనిపించే రకం. చుట్టూ నగిషీ చెక్కారు, పట్టుకుంటే బరువుగా ఉంది, దీపం కింద తళతళలాడుతోంది. ముచ్చటగా ఉంది, కాదనను. లోపల పట్టేది మాత్రం రెండు గుటకలు. నేను మొదటిసారి షెర్రీ తాగింది ఇలాంటి దాంట్లోనే. తెలిసినవాళ్లింట్లో మర్యాదకని అంచుదాకా నింపి ఇచ్చారు. ఒలికిపోతుందేమోనన్న టెన్షన్‌లో గ్లాసు ఎత్తలేక, నేనే తల వంచి దాని దగ్గరికి వెళ్లాను. వాసన చూద్దామంటే చోటేదీ? ముక్కు బయటే ఉండిపోయింది. నోట్లోకి వెళ్లింది గోరువెచ్చగా, ఘాటుగా, పాత దగ్గుమందులా ఉంది. ఆ సీసా మూత తీసి ఎన్నాళ్లైందని అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది. షెర్రీ అంటే ఇంతే కాబోలనుకుని చాలా ఏళ్లు దాని జోలికి పోలేదు.

తర్వాతెప్పుడో వైన్లు రుచి చూసే ఒక సమావేశంలో, మామూలు వైట్ వైన్ గ్లాసులో మూడో వంతు పోసి, చల్లగా ఏదో చేతికిచ్చారు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పచ్చి బాదం, అప్పుడే కోసిన ఆపిల్, పులిసిన రొట్టె పిండి, వెనకాల ఎక్కడో సముద్రపు గాలి. "ఇదేం వైనండీ?" అని పక్కాయన్ని అడిగాను. షెర్రీ అన్నాడు. నమ్మలేదు. సీసా తిప్పి చీటీ చదివాక గానీ నోరు మూయలేదు.

ఆ రెండు సార్లకీ మధ్య తేడా అంతా గ్లాసుదేనని నేను బుకాయించను. మొదటిది పాతబడిన సీసా, పైగా వెచ్చగా ఉంది. రెండోది తాజాది, చల్లగా ఉంది. కానీ మొదటి ఇంట్లో తాజా సీసాయే తీసి ఉన్నా, ఆ గ్లాసులో నాకు దాని సంగతి తెలిసేది కాదు. ఈ మాట ఎందుకంత గట్టిగా అంటున్నానో చెప్పాలంటే షెర్రీ అంటే ఏమిటో రెండు ముక్కలు చెప్పాలి.

చాలామంది షెర్రీని బ్రాందీ, విస్కీల పక్కన కూర్చోబెడతారు. అది వైన్. స్పెయిన్ దక్షిణాన అందలూసియాలో, కాదిజ్ ప్రాంతంలో మూడు ఊళ్లున్నాయి. హెరెస్, సాన్‌లూకార్ దె బర్రమెదా, ఎల్ పుయెర్తో దె శాంత మరియా. షెర్రీకి పుట్టిల్లు ఇదే. హెరెస్ అన్న ఊరి పేరే ఇంగ్లిష్ వాళ్ల నోట్లో షెర్రీ అయింది. అక్కడి సుద్ద నేలల్లో, అల్బరీసా అంటారు, ఎండాకాలం కళ్లు మిరుమిట్లు గొలిపేంత తెల్లగా ఉంటాయి, ఆ నేలల్లో పండే పాలొమినో అనే తెల్ల ద్రాక్షతో వైన్ చేస్తారు. అందులో కొంచెం ద్రాక్ష సారాయి కలిపి పీపాల్లో పోస్తారు. పీపా నిండా పోయరు. ఆరింట ఐదు వంతులు నింపి పైన గాలికి చోటు వదిలేస్తారు. ఈ ఖాళీని గుర్తుపెట్టుకోండి, గ్లాసు దగ్గర మళ్లీ దీంతో పని పడుతుంది.

ఆల్కహాలు 15 శాతం దగ్గర ఉంటే, వైన్ పైన ఈస్టు తెల్లగా పొరకడుతుంది. పాల మీద మీగడ కట్టినట్టే. దాన్ని ఫ్లోర్ అంటారు, అంటే పువ్వు. ఆ పొర కింద వైన్‌కు గాలి తగలదు. పొరలో ఉన్న ఈస్టు వైన్‌లోని ఆల్కహాలునీ గ్లిసరిన్‌నీ తింటూ బతుకుతుంది, బదులుగా అసిటాల్డిహైడ్ అనే పదార్థాన్ని వదులుతుంది. నేను చెప్పిన ఆ ఆపిల్ వాసన చాలావరకు దానిదే. ఇలా తయారయ్యేది ఫినో. అదే పద్ధతిలో సాన్‌లూకార్‌లో, సముద్రం పక్కన పెంచితే మంజనియా. సారాయి ఇంకాస్త కలిపి 17 శాతం దాటిస్తే ఫ్లోర్ బతకదు. వైన్ గాలి తగులుతూ ఏళ్ల తరబడి ముదురుతుంది, రంగు చిక్కబడుతుంది. అది ఒలొరోసో. ముందు పొర కింద, తర్వాత గాలిలో, రెండు బతుకులూ బతికింది అమోంతియాదో. ఒలొరోసో అన్న మాటకు స్పానిష్‌లో అర్థం ఏమిటో తెలుసా? సువాసన గలది అని. పేరులోనే సువాసన పెట్టుకున్న వైన్‌ను ముక్కు పట్టని గ్లాసులో పోస్తున్నాం మనం.

ఇప్పుడు లెక్క చూడండి. మామూలు వైన్‌లో ఆల్కహాలు 12 నుంచి 14 శాతం. ఫినోలో 15. ఆస్ట్రేలియా నుంచి వచ్చే కొన్ని షిరాజ్ వైన్లు ఈ 15ను అవలీలగా అందుకుంటాయి. వాటిని ఎవరైనా బొటనవేలంత గ్లాసులో పోస్తారా? పోయరు. పెద్ద గ్లాసు తెచ్చి, గుండ్రంగా తిప్పి, కళ్లు మూసుకుని వాసన చూస్తారు. షెర్రీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొలతలు మారిపోతాయి. ఎందుకు?

దీనికి జవాబు స్పెయిన్‌లో లేదు, ఇంగ్లండ్‌లో ఉంది. ఇంగ్లిష్ వాళ్లకు షెర్రీతో పరిచయం చాలా పాతది. 1587లో ఫ్రాన్సిస్ డ్రేక్ అనే ఇంగ్లిష్ ఓడల నాయకుడు కాదిజ్ రేవు మీద పడి దోచుకున్నప్పుడు, దాదాపు మూడు వేల పీపాల వైన్ ఓడల్లో వేసుకుపోయాడని చెబుతారు. దొంగ సొమ్ము కాబట్టి రుచి ఇంకాస్త బాగుండి ఉంటుంది. ఆ తర్వాత కొనుక్కునే తాగారు లెండి, కొన్ని వందల ఏళ్ల పాటు.

ఇక గ్లాసు సంగతి. 1745లో ఇంగ్లండ్‌లో గాజు మీద పన్ను వేశారు. బరువును బట్టి పన్ను. గాజు ఎంత ఎక్కువ వాడితే అంత కట్టాలి. ఆ పన్ను 1845 దాకా, నూరేళ్లు ఉంది. గ్లాసులు చేసేవాళ్లు ఏం చేస్తారు? చిన్నవి చేస్తారు, పలచగా చేస్తారు, కాడను లోపల బోలుగా చేస్తారు. పన్ను ఒక్కటే కారణమని కాదు, గాజు ఖరీదైన వస్తువు, విరిగితే మళ్లీ కొనాలి, అదీ ఉంది. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2017లో ఒక పని చేశారు. ఇంగ్లండ్‌లో 1700 నుంచి నేటి దాకా వాడిన వైన్ గ్లాసుల్లో ఎంత పడుతుందో కొలిచారు. 18వ శతాబ్దపు గ్లాసు సగటున 66 మిల్లీలీటర్లు. 2017 నాటిది సగటున 449. దాదాపు ఏడింతలు.

అంటే అర్థమైందా? ఒకప్పుడు అన్ని వైన్ గ్లాసులూ చిన్నవే. షెర్రీకని ఎవరూ ప్రత్యేకంగా చిన్నది చేయలేదు. మిగతా గ్లాసులు ఎదిగాయి. షెర్రీ గ్లాసు ఒక్కటి అక్కడే ఆగిపోయింది. పెళ్లిలో అందరి బట్టలూ కొత్తవి కొని ఇంట్లో ఒక ముసలాయన్ని మర్చిపోయినట్టు, ఆయన ఇంకా తాతల నాటి చొక్కాలోనే ఉన్నాడు.

ఈ రెండో గ్లాసు ఆ చొక్కాయే. ఎల్గిన్ అంటారు. పొట్టి కాడ, మధ్యలో నడుము నొక్కినట్టు సన్నగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ బయటికి విచ్చుకుంటుంది. బ్రిటన్‌లో పబ్బుల్లో, హోటళ్లలో తరతరాలుగా షెర్రీ దీంట్లోనే పోశారు. దీని ఆకారంలోనే ఉంది తప్పు. మూతి విచ్చుకుంటే వాసన నిలవదు. గది అంతా పోతుంది, మీ ముక్కుకు తప్ప. దీనికన్నా కొంచెం పెద్దది స్కూనర్, తెరచాప ఓడ పేరు. బ్రిటన్‌లో స్కూనర్ అడిగితే షెర్రీ వస్తుంది. సిడ్నీకి వెళ్లి స్కూనర్ అడక్కండి, 425 మిల్లీలీటర్ల బీరు తెచ్చి ముందు పెడతారు. (నవ్వులు)

సరే, హెరెస్‌లో వాళ్లు దేంట్లో తాగుతారు? ఈ మూడో గ్లాసు. పొడవైన కాడ, పైన తులిప్ మొగ్గలా సన్నటి గిన్నె, మూతి దగ్గర లోపలికి ముడుచుకుంటుంది. కాతావీనో అంటారు. కాతా అంటే రుచి చూడటం, వీనో అంటే వైన్. కోపితా అని కూడా అంటారు, చిన్న గ్లాసు అని అర్థం. పేరు చిన్నదే గానీ మన మొదటి గ్లాసులాంటివి దీంట్లో రెండు మూడు పడతాయి. పైగా దీన్ని నింపరు. మూడో వంతే పోస్తారు. మిగతా రెండు వంతులూ వాసన కోసం. పీపాలో గాలికి చోటు వదిలారని చెప్పాను చూడండి, ఇక్కడా అదే నీతి. ఖాళీ కూడా గ్లాసులో భాగమే.

దీన్ని పట్టుకునే పద్ధతి వేరు. అడుగున గుండ్రటి బిళ్ల ఉంది కదా, దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించి పట్టుకుంటారు. ఇలా. మొదట్లో చేయి వణుకుతుంది. అలవాటైతే చేతి వేడి వైన్‌కు తగలదు, వేళ్లకున్న సబ్బు వాసనో సెంటు వాసనో ముక్కుదాకా రాదు.

కాతావీనో మొదట్లో తాగే గ్లాసు కాదు, పని గ్లాసు. బొదేగా అంటారు, వైన్ పీపాలు దాచే పెద్ద పెద్ద శాలలు, అక్కడ పుట్టింది. పీపాల బాగోగులు చూసే పెద్దను కపతాజ్ అంటారు. ఆయన ప్రతి పీపా దగ్గరా ఆగి కొంచెం తీసి వాసన చూస్తాడు. నోట్లో పోసుకునేది తక్కువ. రోజంతా వందల పీపాలు చూడాల్సిన మనిషి ప్రతిదీ తాగితే సాయంత్రానికి ఆయన్నే పీపా మీద వేసి తీసుకురావాలి. అందుకే ముక్కుతోనే తేల్చేస్తాడు. చూసి పీపా మీద సుద్దతో గీతలు గీస్తాడు, ఇది ఫినోకు, ఇది ఒలొరోసోకు అని. పాలో కోర్తాదో అనే అరుదైన రకానికి ఆ పేరు ఈ గీతల వల్లే వచ్చింది. అంటే కొట్టేసిన గీత.

పీపాలోంచి తీసే సాధనం వెనెన్సియా. పొడవాటి వంగే పుల్ల, చివర సన్నటి గొట్టంలాంటి చిన్న గిన్నె. గిన్నె ఎందుకంత సన్నగా ఉంటుందంటే, వెడల్పుగా ఉంటే ఫ్లోర్ పొర చెదిరిపోతుంది. పొరను గుచ్చుకుని దిగాలి, కిందున్న వైన్ తీసుకుని అదే కంతలోంచి పైకి రావాలి. పుల్లను ఒకప్పుడు తిమింగలం ఎముకతో చేసేవారు. సాన్‌లూకార్‌లో మొత్తం వెదురులాంటి ఒకే బొంగుతో చెక్కుతారు. తీసినవాడు వెనెన్సియాను తలపైకి ఎత్తి, కింద నడుము దగ్గర పట్టుకున్న కాతావీనోలోకి సన్నటి ధారగా పోస్తాడు. చుక్క కింద పడదు. ఒక చేతిలోనే నాలుగైదు గ్లాసులు పట్టుకుని ఒక్కోదాంట్లో పోసేవాళ్లున్నారు. చూడ్డానికి సర్కస్‌లా ఉంటుంది గానీ పనికొచ్చే సర్కస్. అంత ఎత్తునుంచి పడేసరికి వైన్‌కు గాలి తగిలి వాసన విచ్చుకుంటుంది. నేను ఇంట్లో నీళ్లతో ప్రయత్నించాను. నేల శుభ్రమైంది.

ఒక చిన్న ముచ్చట చెప్పి ముందుకు పోతాను. హెరెస్‌లో గొంజాలెజ్ బియాస్ వాళ్ల బొదేగాలో నేల మీద ఒక గ్లాసు తియ్యటి షెర్రీ పెట్టి ఉంటుంది. దానికి ఆనించి బుల్లి నిచ్చెన. ఎలుకల కోసం. అవి నిచ్చెనెక్కి తాగి దిగిపోతాయి. గ్లాసు ఎంచుకునేటప్పుడు తాగేవాడి ఎత్తు కూడా చూడాలన్నమాట. (నవ్వులు)

నాలుగో గ్లాసు చూసి మీరు ఆశ్చర్యపోతారు. కాడ లేదు, వంపు లేదు, నిటారుగా చిన్న గొట్టంలా ఉంది. దీన్ని కాన్యా అంటారు. ఇప్పటిదాకా నేను చెప్పిన సూత్రాలన్నిటికీ ఇది విరుద్ధం. కానీ సాన్‌లూకార్‌లో మంజనియా దీంట్లో తాగడం పాత అలవాటు. తిరనాళ్లలో ఇలాంటి గ్లాసులు పెట్టుకు తిరగడానికి కన్నాలున్న ప్రత్యేకమైన పళ్లేలు ఉంటాయి. నిలబడి, కబుర్లు చెప్పుకుంటూ, రొయ్యలు వొలుచుకుంటూ, రెండు గుటకల్లో తాగేసి మళ్లీ పోయించుకుంటారు. అక్కడి ఎండలో కొంచెం కొంచెం పోసుకుంటేనే చల్లగా ఉంటుంది. ఆ చోట ఎవరైనా పెద్ద గ్లాసు తెచ్చి గుండ్రంగా తిప్పుతూ నిలబడితే నాకే నవ్వొస్తుంది. తిరనాళ్లకు తిరనాళ్ల గ్లాసు సరే. హెరెస్ గుర్రాల తిరనాళ్లలో కాతావీనోను చిన్న సంచిలో పెట్టి మెడలో వేలాడదీసుకుని తిరిగేవాళ్లూ కనిపిస్తారు. అది కూడా తెలివైన పనే, చేతులు ఖాళీగా ఉంటాయి.

ఇంట్లో కూర్చుని తీరిగ్గా తాగేటప్పుడు మాత్రం నా ఓటు ఈ ఐదో గ్లాసుకు. ఇది షెర్రీ గ్లాసే కాదు. మామూలు వైట్ వైన్ గ్లాసు, మరీ పెద్దది కాదు, మూతి దగ్గర కొంచెం ముడుచుకున్నది. ఇది నా వింత అభిప్రాయం అనుకోకండి. హెరెస్ వైన్ల నియంత్రణ మండలే ఈ మాట చెబుతోంది, షెర్రీని వైట్ వైన్ గ్లాసులో పోయండని. కాతావీనో వాళ్ల సొంత గ్లాసు, వాళ్ల గర్వం, అయినా ఆ మాట అన్నారంటే ఆలోచించాలి. షెర్రీని వైన్‌గా చూడాలంటే ముందు వైన్ గ్లాసులో పోయాలి. చిన్న గ్లాసులో పోసినన్నాళ్లూ జనం దాన్ని చిన్న వస్తువుగానే చూశారు.

కాతావీనోకు ఉన్న ఇబ్బంది దాని సన్నదనం. మగవాళ్లలో కాస్త పెద్ద ముక్కున్నవాళ్లు, నాలాగ, లోపలికి ముక్కు దూర్చలేరు. గుండ్రంగా తిప్పితే చొక్కా మీద పడుతుంది. అయితే ఇంట్లో మంచి కాతావీనోలు ఉంటే పారేయకండి. ఫినోకు, మంజనియాకు అవి ఇప్పటికీ బాగుంటాయి.

గ్లాసు ఆకారం వాసనను నిజంగా మారుస్తుందా, లేక ఇదంతా గొప్పలకు చెప్పేదా అని మీలో కొందరికి అనుమానం ఉంటుంది. ఉండాలి కూడా. ఎందుకంటే ఈ రంగంలో కోతలు చాలా ఉన్నాయి. తీపి నాలుక కొసన, చేదు వెనకాల, పులుపు పక్కల, అందుకని ఫలానా గ్లాసు వైన్‌ను ఫలానా చోట పడేలా చేస్తుందని కొన్ని కంపెనీలు ఏళ్ల తరబడి చెప్పాయి. ఆ నాలుక పటం తప్పు. 1901లో హేనిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త నాలుక మీద ఒక్కో చోట రుచి పట్టే శక్తిలో స్వల్ప తేడాలు ఉన్నాయన్నాడు. 1942లో బోరింగ్ అనే అమెరికన్ ఆ ఫలితాలను తన పుస్తకంలో గీసిన తీరు వల్ల ఆ స్వల్ప తేడాలు కాస్తా గట్టి సరిహద్దులైపోయాయి. అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. అన్ని రుచులూ నాలుక మీద అన్ని చోట్లా తెలుస్తాయి. కాబట్టి నాలుక పేరు చెప్పి గ్లాసు అమ్మేవాళ్లను చూస్తే జేబు పట్టుకోండి.

ముక్కు సంగతి వేరు. 2015లో టోక్యోలో పరిశోధకులు గ్లాసులోంచి లేచే ఆల్కహాలు ఆవిరి కంటికి కనిపించేలా ఒక ప్రత్యేకమైన కెమెరా తయారు చేశారు. 13 డిగ్రీల దగ్గర వైన్ గ్లాసులో పోసిన వైన్‌ను చూస్తే, ఆవిరి మూతి అంచు చుట్టూ ఉంగరంలా చేరింది. మధ్యలో తక్కువగా ఉంది. అంటే మధ్యలో ముక్కు పెడితే ఆల్కహాలు ఘాటు అడ్డు రాకుండా వాసన అందుతుంది. నిటారు గ్లాసులో, గరాటులా విచ్చుకునే మార్టినీ గ్లాసులో పోస్తే ఆ ఉంగరం రాలేదు. వైన్‌ను 25 డిగ్రీలకు వేడి చేస్తే వైన్ గ్లాసులోనూ పోయింది. వాళ్లు చూసింది షెర్రీని కాదు, మామూలు వైన్‌ను. కానీ ఆల్కహాలు ఎక్కువున్న వైన్‌కు ఘాటు పక్కకు తప్పుకోవడం ఇంకా అవసరం కదా. ఆకారంతో పాటు చల్లదనం కూడా ఎంత పని చేస్తోందో చూడండి. నేను మొదట తాగిన గోరువెచ్చటి షెర్రీకి ఏ గ్లాసిచ్చినా లాభం లేకపోయేది.

రుచి పరీక్షలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రామాణిక గ్లాసు ఒకటుంది, 1977 నాటిది. ఎత్తు 155 మిల్లీమీటర్లు, పొట్ట దగ్గర వెడల్పు 65, మూతి దగ్గర 46. మొత్తం 215 మిల్లీలీటర్లు పడుతుంది, పోసేది 50. పొట్టకూ మూతికీ తేడా గమనించండి. ఇల్లంతా వెతికి ఏ గ్లాసు తీయాలో తెలియకపోతే స్కేలు పెట్టి మూతి కొలవండి. పొట్ట కన్నా మూతి సన్నగా ఉందా? ఉంటే సగం పని అయినట్టే. చెక్కుడు పని ఉన్న గ్లాసులు దళసరిగా ఉంటాయి, చెక్కాలంటే దళసరి ఉండాలి మరి. దళసరి అంచు పెదవికి తగిలితే నాకు కప్పులో తాగినట్టుంటుంది. ఇది రుచి కాదు, నా చాదస్తం అనుకోండి. సీసం కలిపిన పాత స్ఫటిక గాజు పాత్రల్లో షెర్రీ పోసి నెలల తరబడి బీరువాలో అలంకారంగా ఉంచడం మాత్రం చాదస్తం కాదు, తప్పు. సీసం మెల్లగా వైన్‌లోకి దిగుతుంది. షెర్రీ ఎలాగూ ఆ పాటికి చచ్చిపోయి ఉంటుంది.

ఏ రకానికి ఏది అని అడుగుతారు కాబట్టి గబగబా చెప్పేస్తాను. ఫినో, మంజనియా చాలా చల్లగా, 7 డిగ్రీల ప్రాంతంలో. గ్లాసు మరీ పెద్దదైతే తొందరగా వేడెక్కుతాయి, అందుకని కొంచెం కొంచెం పోసుకుని సీసాను ఐసులో పెట్టుకోండి. అమోంతియాదో, పాలో కోర్తాదో, ఒలొరోసో 12 నుంచి 14 డిగ్రీల దగ్గర. వీటికి పొట్ట ఉన్న గ్లాసు కావాలి. ఇరవై, ముప్పై ఏళ్లు పీపాలో ఉన్న పాత ఒలొరోసో దొరికితే అరచేత్తో గ్లాసు మూతి మూసి ఒక నిమిషం ఆగండి. చెయ్యి తీసి ముక్కు పెట్టండి. వాల్‌నట్, పాత చెక్క, ఎండు నారింజ తొక్క, కాల్చిన చక్కెర, ఒక్కోటీ వంతులు వేసుకుని వస్తాయి. ఆ నిమిషం కోసమే నేను ఒలొరోసో కొంటాను.

పెద్రో హిమెనెజ్ అనే తియ్యటి షెర్రీ ఒకటుంది, ద్రాక్షను ఎండబెట్టి చేసేది. నల్లగా, పాకంలా ఉంటుంది. లీటరుకు 212 గ్రాములకు తగ్గకుండా చక్కెర ఉండాలని నియమం, చాలావాటిలో అంతకు ఎంతో ఎక్కువే ఉంటుంది. ఇదొక్కటీ చిన్న గ్లాసులో పోసినా నేను గొడవ పెట్టుకోను. తాగేదే రెండు చెంచాలు. అయినా వైన్ గ్లాసులో పోసి పక్కకు వంచి చూడండి, గాజు గోడకు గోధుమ రంగు పొరలా అంటుకుని ఎంతసేపటికీ దిగదు. చూడ్డానికే బాగుంటుంది.

కడగడం గురించి ఒక్క మాట. మంచి గ్లాసును పాడుచేసేది సబ్బు. వేడి నీళ్లతో కడిగి, సబ్బు వాడితే మూడు నాలుగు సార్లు తొలిచి, వాసన లేని గుడ్డతో తుడవండి. బీరువాలో బోర్లించి పెట్టకండి. లోపల చిక్కుకున్న గాలికి చెక్క వాసన, రంగు వాసన పడుతుంది. పోసే ముందు ఖాళీ గ్లాసును ఒకసారి వాసన చూడటం నా అలవాటు. నలుగురిలో చేస్తే వింతగా చూస్తారు, చూడనీయండి.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండమ్మా.

కాడ లేని గ్లాసుల గురించా? ఇప్పుడు అవి బాగా వస్తున్నాయి, కడగడానికి తేలిక, అంత త్వరగా విరగవు. ఒలొరోసోకు ఇబ్బంది లేదు. ఫినోను మాత్రం చేతి వేడి చెడగొడుతుంది, తాగి వెంటనే బల్ల మీద పెట్టేయాలి.

ఇంకొకరు... ఆ, బర్గండీ వైన్‌కు వాడే బెలూన్ లాంటి పెద్ద గ్లాసు. బాగా పాత అమోంతియాదో అయితే ఒకసారి ప్రయత్నించండి, నష్టం లేదు. ఫినోను అందులో పోస్తే పెద్ద హాల్లో ఒక్కడే కూర్చుని పాట పాడినట్టుంటుంది, వినపడదు.

చివరగా, ఆ మూల అన్నగారు. ఒక్క గ్లాసే కొనాలంటే ఏది అని. ఈ ఐదోది, వైట్ వైన్‌ది. రెండు కొనండి, ఒకటి విరుగుతుంది. (నవ్వులు)

సరే, మాటలు చాలు, ఫినో వేడెక్కుతోంది. ఎడమ పక్క వరుస నుంచి ఒక్కొక్కరే రండి. ముందు మొదటి గ్లాసు, తర్వాత ఐదోది, ఆ తర్వాత మళ్లీ మొదటిది వాసన చూడండి. తాగడం తర్వాత. కాడ పట్టుకోండి సార్, కాడ.